పద్దెనిమిది పాయింట్ల సందు

అక్క మోకాళ్లు అరిగింది మెట్లెక్కి కాదు, బరువులెత్తి కాదు, పూర్తిగా వయసు మీదపడి కూడా కాదు. మాటలు మోసి. ఎముకల డాక్టరు ఎక్స్‌రేను కిటికీ వెలుతురుకు ఎత్తిపట్టి, "రోజూ బాగా నడుస్తారా?" అని అడిగినప్పుడు ఆమె కాసేపు ఆలోచించి, "నడవడం కాదండీ, చెప్పి రావడం," అంది. డాక్టరుకు అర్థం కాలేదు. కాగితం మీద 'నడక ఎక్కువ' అని రాసుకున్నాడు.

షెడ్డుకు ఒక కొసన లిఫ్టు, దాని పక్కన పనిబల్ల. మరో కొసన యార్డులోకి తలుపు. ఈ కొసకూ ఆ కొసకూ ఇరవై రెండు అడుగులు. సరిగ్గా నట్టనడుమ అక్క టేబులు, దాని మీద ఫోను, ఒక నోటుపుస్తకం. ఆ షెడ్డులో ఒక్క పనే చేస్తారు. ఇంజను పని అడిగితే పక్క వీధి చూపిస్తారు. బ్రేకుల పని అడిగితే ఆ పై వీధి చూపిస్తారు. కారు వెనక నుంచి ఊళ వినిపిస్తోందంటే మాత్రం కూర్చోమని కుర్చీ చూపిస్తారు. వెనక ఆక్సిలు పొట్ట విప్పి, అందులో గేర్లు మార్చి, చప్పుడు లేకుండా మళ్లీ బిగించడంలో ఆ షెడ్డుకు పేరుంది.

పని చేసేవాళ్లు ఇద్దరు. అక్క భర్తను అందరూ కొలతల మేస్త్రి అంటారు. గేజి ముల్లు ఎక్కడ ఆగితే ఆయన మనసు అక్కడ ఆగుతుంది. అక్క తమ్ముణ్ణి రంగుల మేస్త్రి అంటారు. గేరు పళ్లకు పసుపురంగు పూసి, తిప్పి, ఆ రంగులో పడిన అచ్చును చూసి, ముఖం చూసి మనసు చెప్పినట్టు గేరు సంగతి చెబుతాడు. పనికి ఇద్దరూ కావాలి. ఇద్దరికీ మాత్రం ఒకరికొకరు అక్కర్లేదు. ఆరేళ్లుగా మాటల్లేవు.

పనేమో మాటలు లేకుండా జరిగేది కాదు. ఆక్సిలు పొట్టలో రెండు గేర్లుంటాయి. పినియను చిన్నది, ఇంజను నుంచి వచ్చే షాఫ్టు కొసన తిరుగుతుంది. క్రౌను పెద్దది, కంచమంత ఉంటుంది, చక్రాలను తిప్పుతుంది. దీని పళ్లలో దాని పళ్లు కూర్చోవాలి. మరీ దగ్గరైతే వేడెక్కి అరుగుతాయి. మరీ దూరమైతే కొట్టుకుని విరుగుతాయి. నడుమ వెంట్రుక మందాన సందు కావాలి. మిల్లీమీటరులో నూరో వంతును షెడ్డులో పాయింటంటారు. సందు పదిహేను పాయింట్లకు తగ్గకూడదు, ఇరవైకి మించకూడదు. దాన్ని సరిచేసేవి షిమ్ములు, కాగితమంత పల్చని ఉక్కు రింగులు. క్రౌనుకు అటూ ఇటూ పెట్టే షిమ్ములు కొలతల మేస్త్రివి. పినియను వెనక, లోతున పెట్టే షిమ్ములు రంగుల మేస్త్రివి. ఆయన పక్క షిమ్ము మారిస్తే ఇతని రంగు మారుతుంది. ఇతను లోపలి షిమ్ము మారిస్తే ఆయన కొలత మారుతుంది. కాబట్టి ఒకరు చేసింది ఇంకొకరికి చెప్పాలి. కాబట్టి అక్క.

గొడవ ఎలా మొదలైందంటే, ఆరేళ్ల కిందట బిగించిన కారొకటి ఊళ వేస్తూ తిరిగొచ్చింది. కారు యజమాని ఎదుటే కొలతల మేస్త్రి, "రంగులు చూసి గేర్లు బిగిస్తే పాటలే పాడతాయి," అన్నాడు. రంగుల మేస్త్రి, "గేజికి చెవులుండవు బావా, మీకైనా ఉంటే బాగుండేది," అన్నాడు. అంతే. ఇప్పుడడిగితే ఎవరి మాట వారికి గుర్తులేదంటారు. ఎదుటివాడి మాట మాత్రం ఇద్దరికీ కామాతో సహా గుర్తుంది.

ఆనాటి నుంచి షెడ్డులో ఒక పద్ధతి ఏర్పడింది. కారు దగ్గర ఇద్దరూ ఒకేసారి ఉండరు. ఒకరి వంతు అయ్యాక చేతిగుడ్డను పనిబల్లకు బిగించిన వైస్ పిడి మీద వేలాడదీసి యార్డులోకి పోతాడు. ఆ గుడ్డ చూసి రెండోవాడు వస్తాడు. పోయేవాడు పోతూ అక్క టేబులు దగ్గర ఆగి, "మీ తమ్ముడికి చెప్పు, పద్దెనిమిది," అనో, "అక్కా, బావకి చెప్పు, లోపల ఐదు వేశాను," అనో అంటాడు. అక్క నోటుపుస్తకంలో రాసుకుని, లేచి, పదకొండడుగులు నడిచి, అదే మాటను అదే గొంతుతో అప్పజెబుతుంది. తిట్లుంటే ఏరేస్తుంది. రంగు అచ్చు తీసేటప్పుడు మందపాటి చెక్కబద్దతో క్రౌనును అదిమిపట్టేది కూడా ఆమే. గేరు బరువు మీద తిరిగితే తప్ప అచ్చు నిజంగా పడదు. ఒకరు తిప్పాలి, ఒకరు ఆపాలి. తిప్పేది తమ్ముడు. ఆపడానికి బావ ఉన్నాడు, కానీ బావ యార్డులో ఉంటాడు.

అక్క మోకాళ్ల ఆపరేషను ఇప్పటికి రెండుసార్లు వాయిదా పడింది. మొదటిసారి ఆమె ఒక పూట లేకపోయేసరికి ఇద్దరు మేస్త్రులూ ఒకే కారును రెండుసార్లు విప్పారు. రెండోసారి ఎవరూ విప్పలేదు, ఎవరి వంతో తేలలేదు. ఈసారి డాక్టరు మొహమాటం లేకుండా చెప్పేశాడు. "ఇప్పుడు తప్పితే మళ్లీ నాలుగు నెలలకే ఖాళీ. అప్పటికి కర్ర లేకుండా నడవలేరు. తర్వాత మూడు వారాలు మంచం దిగకూడదు." చేరాల్సింది రేపు పొద్దున ఏడింటికి. వస్తున్నదీ లేనిదీ ఈ రోజు సాయంత్రం ఆరులోపు ఫోను చేసి ఖాయం చేయాలి.

పొద్దున షెడ్డు తెరవగానే అక్క ఇద్దరినీ తన టేబులుకు చెరోపక్కన నిలబెట్టి చెప్పింది.

"లిఫ్టు మీదున్నది పళ్ల డాక్టరమ్మ కారు. గేర్లు మార్చాలి. ఈ ఒక్క ఆక్సిలు నేను లేననుకుని బిగించండి. చప్పుడు లేకుండా బిగిస్తే ఆస్పత్రికి వస్తున్నానని చెప్తాను. బిగించకపోతే రానని చెప్తాను. నేను ఎవరి మాటా మోయను, దేన్నీ పట్టుకోను, లేవను."

"మరి నోటుపుస్తకం?" అన్నాడు భర్త.

ఆమె నోటుపుస్తకం మూసి దాని మీద ఆస్పత్రి ఫైలు పెట్టింది. ఫైలు మీద మోచేయి పెట్టింది.

"అక్కా, బావకి చెప్పు, నాకేం అభ్యంతరం లేదని," అన్నాడు తమ్ముడు.

ఆమె ఫైలు తెరిచి దరఖాస్తు నింపడం మొదలుపెట్టింది. 'రోజూ మోసే బరువు ఎంత?' అని ఒక గడి ఉంది. కలం ఎత్తి, దించి, ఖాళీగా వదిలేసింది.

కొలతల మేస్త్రి మొదట దిగాడు. కొత్త బేరింగును ప్రెస్సులో ఎక్కిస్తే దింపడం ప్రాణసంకటం. అందుకని లోపలి అంచు అరగదీసిన పాత బేరింగు ఒకటి ఆ షెడ్డులో ఉంది. చేత్తో ఎక్కుతుంది, చేత్తో దిగుతుంది. లెక్క తేలేదాకా అదే. పినియను దానితో కూర్చోబెట్టాడు, క్రౌను కూర్చోబెట్టాడు, పక్క షిమ్ములు పేర్చాడు, గేజి ముల్లును క్రౌను పంటికి ఆనించి అటూ ఇటూ కదిలించాడు. పద్దెనిమిది. మళ్లీ కదిలించాడు. పద్దెనిమిది. ఆయన ముఖంలో ఏమీ మారలేదు, కానీ ఈల వేశాడు. గుడ్డ వైస్ మీద వేసి, టేబులు దగ్గర ఆగి, "మీ త..." అని, ఆమె తలెత్తకపోవడం చూసి, మిగిలిన అక్షరాలను నోట్లోనే పెట్టుకుని యార్డులోకి పోయాడు.

రంగుల మేస్త్రి వచ్చాడు. అలవాటు కొద్దీ చెక్కబద్దను అక్క వైపు చాపాడు. అక్క అలవాటు కొద్దీ లేవబోయి కూర్చుంది. అతను బద్దను గోడకు ఆనించి, నాలుగు పళ్లకు పసుపురంగు పూసి, ఒక చేత్తో తిప్పుతూ ఇంకో చేత్తో క్రౌనును మెల్లగా పట్టుకున్నాడు. అచ్చు పడింది. పలచగా, పంటి పైఅంచుకు దగ్గరగా. పంటి నడుమ పడాల్సింది పైకెక్కిందంటే పినియను ఇంకా లోతుకు పోవాలి. అంతా మళ్లీ విప్పాడు. క్రౌను తీసేటప్పుడు బావ పక్క షిమ్ములను తీసినవి తీసినట్టు చెరో తీగకు గుచ్చి పెట్టాడు. వాటిని లెక్కపెట్టలేదు. లెక్కపెడితే బావతో మాట్లాడినట్టవుతుందని అతని పట్టుదల. పనిబల్ల మీది ట్రేలో ఐదు పాయింట్ల షిమ్ములు ఏడున్నాయి. ఒకటి తీసి పినియను వెనక వేశాడు. బిగించి, తిప్పి, చూశాడు. అచ్చు దిగింది. గుడ్డ వేలాడదీశాడు. సందు కొలవలేదు. అది బావ పని.

యార్డులో ఇంకో కారు కింద పడుకుని కొలతల మేస్త్రి ఆ కారుతోనే అన్నట్టు, "రంగు పూయడానికి గంట! తెర కట్టి బొమ్మ గీస్తున్నాడా?" అనడం అక్కకు వినిపించింది. అది ఏరేయాల్సిన మాట. ఇవాళ ఏరే పని లేదు కాబట్టి అది ఉన్నచోటే ఉండిపోయింది.

ఆయన వచ్చి ముల్లు ఆనించాడు. పదమూడు. ముల్లును విప్పి, ఊది, మళ్లీ బిగించాడు. పదమూడు. తన కళ్లద్దాలు తుడిచాడు. పదమూడే. "పద్దెనిమిది పెట్టాను కదా," అన్నాడు గేజితో. షిమ్ము సరిగ్గా కూర్చోలేదని తేల్చుకుని, ట్రేలోంచి ఒక ఐదు తీసి ఇటు వేసి, అటు ముప్పై తీసి ఇరవైఐదు పెట్టి, క్రౌనును పినియనుకు కాస్త దూరం జరిపాడు. పద్దెనిమిది. ఈల. గుడ్డ. యార్డు.

క్రౌను దూరం జరిగితే అచ్చు పైకెక్కుతుంది. ఎక్కింది. "దింపాను కదరా నిన్ను," అన్నాడు రంగుల మేస్త్రి పంటితో. లోపల ఇంకో ఐదు వేశాడు. అచ్చు దిగింది. గుడ్డ. కొలతల మేస్త్రి. పదమూడు. పక్కన ఇంకో ఐదు. పద్దెనిమిది. ఈల కాస్త తగ్గింది. గుడ్డ.

పదకొండడుగుల దూరంలో కూర్చుని అక్క ఇదంతా చూస్తోంది. ఒకరు క్రౌనును వెనక్కి జరుపుతున్నారు, ఇంకొకరు పినియనును దాని వెంట తరుముతున్నారు. గేర్లు రెండూ కలిసి ఆక్సిలు పొట్టలో మెల్లగా ఒకే దిక్కుకు ప్రయాణం కట్టాయి. ఆమెకు ఇంకోటి కూడా తెలుసు. పొద్దున మొదటి అచ్చు అలా పైన పడడానికి కారణం పినియను లోతు కాదు, చెక్కబద్ద గోడకు ఆని ఉండడం. ఒక్క వాక్యం చాలు. నాలుక కొసన ఉంది. చెబితే ఆక్సిలు పది నిమిషాల్లో దారిన పడుతుంది. మోకాళ్లు ఇంకెప్పటికీ పడవు.

మధ్యాహ్నం డబ్బాలు తెరిచారు. భర్త లిఫ్టు పక్కన, తమ్ముడు తలుపు పక్కన, ఆమె నడుమ.

"ఈ ఆక్సిలు ఇనుమే సరైంది కాదు," అన్నాడు భర్త, ఆమెకు వినబడేలా, తమ్ముడికి వినబడకూడదన్నట్టు, ఇద్దరికీ వినబడే గొంతుతో. "పెట్టిన కొలత నిలవడం లేదు."

"ఈ గేర్లే సరైనవి కావక్కా," అన్నాడు తమ్ముడు, తన ముద్దతో. "తుడిచిన అచ్చు మళ్లీ పైకొస్తోంది."

అక్క నోటి నిండా అన్నం పెట్టుకుంది. ఒక మనిషి నోరు మూసుకోవడానికి అంతకన్న మర్యాదైన మార్గం ఆమెకు తోచలేదు.

భోజనాలయ్యాక మరోసారి లోపల ఐదు, మరోసారి పక్కన ఐదు. రెండింటికి పళ్ల డాక్టరమ్మ యార్డు తలుపు గుండా వచ్చింది. తన క్లినిక్కులో రెండింటి నుంచి మూడింటిదాకా విరామం. తెల్లకోటు విప్పకుండానే వచ్చింది. నలభై ఏళ్ల మనిషి, తిన్నగా చూస్తుంది, తిన్నగా అడుగుతుంది.

"ఊళ పోయిందా?"

"పోతుందండీ," అన్నాడు రంగుల మేస్త్రి లేచి వెంట వస్తూ. వంతు అతనిదే, గుడ్డ వేలాడుతోంది. కొలతల మేస్త్రి యార్డులోకి పోవాల్సిన సమయం. కానీ కారు యజమాని ఎదుట కారు వదిలి పోవడం ఆయనకు తలవంపులనిపించింది. నిలబడ్డాడు. ఆరేళ్లలో మొదటిసారి ఇద్దరూ ఒకే ఆక్సిలు ముందున్నారు. ఇద్దరూ డాక్టరమ్మనే చూస్తున్నారు.

"మా దగ్గరికొచ్చేవాళ్లు కూడా ఇలాగే ఊళేస్తారు. కానీ కుర్చీ ఎక్కకముందు," అంది ఆమె.

ఎవరూ నవ్వలేదు. అక్క మాత్రం నవ్వు దాచుకుంటూ దరఖాస్తులో తల దూర్చింది.

రంగుల మేస్త్రి రంగు పూసి తిప్పాడు. అచ్చు మళ్లీ పైఅంచుకే ఎక్కి కూర్చుంది. ట్రే దగ్గరికి నడిచాడు. కొలతల మేస్త్రి ఆ చెయ్యి ఎటు పోతోందో చూశాడు. ట్రేకి. ఐదుల గడికి. రంగులవాడికి ఇప్పుడు మళ్లీ ఐదుతో ఏం పని? అనుకున్నంతలోనే ఆయన చెయ్యి కూడా బయల్దేరింది. రెండు చేతులూ ఒకే గడిలో పడ్డాయి. గడిలో ఒక్కటే షిమ్ము ఉంది.

ఇద్దరూ ట్రేలోకి చూశారు. పొద్దున ఏడు. తాను తీసింది మూడు. ఇప్పుడు ఒకటి. ఇద్దరి పెదవులూ ఒకే కూడికను ఒకే వేగంతో చేశాయి. మిగతా మూడూ ఎవరు తీశారో చెప్పడానికి ట్రేకు నోరు అక్కర్లేదు.

"ఒక్కదానికి ఇద్దరెందుకు చెయ్యి పెట్టారు?" అంది డాక్టరమ్మ.

ఇద్దరూ అక్క వైపు తిరిగారు. అక్క పేజీ తిప్పింది.

"డాక్టరమ్మా," అన్నాడు రంగుల మేస్త్రి, "లోపల నేను మూడు వేశానని ఆయనకి చెప్పండి."

"డాక్టరుగారూ," అన్నాడు కొలతల మేస్త్రి, "పక్కన నేనూ మూడు వేశానని ఆ పెద్దమనిషికి చెప్పండి."

డాక్టరమ్మ ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. మూడడుగుల దూరంలో ఉన్నారు.

"నేను నోళ్లు తెరిపిస్తాను గానీ, ఒకరి నోటితో ఇంకొకరు మాట్లాడే వైద్యం నాకు రాదు," అంది. ఆపైన గేరు మీది పసుపు అచ్చు దగ్గరికి వంగింది. కళ్లు చిట్లించింది. ఇది తన పనే. "ఈ రంగు ఎందుకో తెలుసులెండి. మేమూ రంగుకాగితం నోట్లో పెట్టి కొరకమంటాం, ఏ పన్ను ఎక్కడ తగులుతోందో చూడ్డానికి. కానీ గట్టిగా కొరకమంటాం. ఇదేంటి, ఇంత పలచగా పడింది? మెల్లగా కొరికితే అబద్ధం పడుతుంది."

రంగుల మేస్త్రి ముఖం రంగు మారింది. గోడకు ఆని ఉన్న చెక్కబద్ద వైపు చూశాడు. అక్క వైపు చూశాడు.

"అక్కా," అన్నాడు. చాలా మెల్లగా అన్నాడు. "బద్ద పట్టుకోలేదు మనం."

"మనం కాదు," అంది అక్క, పొద్దుటి నుంచి మొదటిసారి నోరు విప్పి. "నేను లేను."

అంతటితో మళ్లీ దరఖాస్తు.

ఆపైన కొలతల మేస్త్రి కళ్లద్దాలు తీసి జేబులో పెట్టుకుని, గోడ దగ్గరికి పోయి, చెక్కబద్ద తీసి, వచ్చి దాన్ని క్రౌనుకు ఆనించి ఒళ్లంతా మోపాడు. ఎవరి వైపూ చూడలేదు. రంగుల మేస్త్రి పళ్లు తుడిచి కొత్త రంగు పూసి, పొడుగాటి పానాతో పినియను తిప్పాడు. ఒకరు తిప్పడం, ఒకరు ఆపడం. ఆరేళ్లుగా చేస్తున్నదే. ఇప్పుడు గేరు మీద చేస్తున్నారు, అంతే తేడా.

అచ్చు చిక్కగా పడింది. ఈసారి పంటి అడుగున. మూడు ఐదులు వేసి పినియనును మరీ లోతుకు దింపేశాడని అది దాపరికం లేకుండా చెప్పింది.

"మూడూ తీసెయ్యాలి," అన్నాడు రంగుల మేస్త్రి. ఎవరితోనో తేలకుండా అన్నాడు. ఆపైన ఊపిరి పీల్చుకుని, బద్ద మీద వాలి ఉన్న మనిషితో అన్నాడు. "బావా. పొద్దున ఎంతలో పెట్టారు?"

కొలతల మేస్త్రి బద్ద వదల్లేదు.

"పద్దెనిమిది."

"మరి చెప్పొచ్చు కదా!"

"ఎవరికి చెప్పను? నువ్వు లోపల వేసింది నువ్వు చెప్పావా?"

"మీరు అడిగారా?"

"నేనడగాలా? కళ్లముందు ముల్లు పదమూడుకి పడిపోతుంటే నా కళ్లే పోయాయనుకున్నాను. మూడుసార్లు అద్దాలు తుడిచాను!"

"నేను మూడుసార్లు పినియను దింపాను! అద్దాలు తుడవడం తేలిక!"

"రంగులు చూసి..."

"ఆగండి. ఆ మాట ఇప్పటికే ఒకసారి అన్నారు. గేజికి చెవులుండవని నేను..."

"చెవులు నాకు లేవన్నావు నువ్వు! గేజికి కాదు!"

"ముందు గేజి, తర్వాత మీరు. వరసగా చెప్పాను."

డాక్టరమ్మ గడియారం చూసుకుని, "మూడింటికి ఒక దవడపన్ను తీయాలి, నేనెళ్తాను," అంది అక్కతో. "వీళ్లిలాగే ఉంటారా?"

"ఇంతకు ముందు ఇంకా దారుణం," అంది అక్క. "మాట్లాడేవాళ్లే కాదు."

మాట్లాడుతూనే ఇద్దరూ విప్పారు. లోపలి మూడు ఐదులూ తీశారు, పక్క మూడూ తీశారు, ముప్పైలను ఎక్కడివక్కడ పెట్టారు. ట్రేలో మళ్లీ ఏడు. ముల్లు పద్దెనిమిది. కొలతల మేస్త్రి బద్ద మోపాడు, రంగుల మేస్త్రి తిప్పాడు. అచ్చు పంటి నట్టనడుమ, బొట్టు పెట్టినట్టు పడింది. అంటే పొద్దున తొమ్మిది గంటలకు ఆ ఆక్సిలు ఎలా ఉందో ఇప్పుడూ అలాగే ఉంది. పొద్దుటికీ ఇప్పటికీ మధ్య ఆరుసార్లు దాన్ని చెడగొట్టి, ఒకసారి బాగుచేశారు.

"నేను పెట్టిందే సరి," అన్నాడు కొలతల మేస్త్రి.

"సరి అని తేల్చింది నా రంగు," అన్నాడు రంగుల మేస్త్రి.

ఇద్దరూ ఆ విషయం మీద కొత్త బేరింగులను ప్రెస్సులో ఎక్కించినంతసేపూ, నట్లు బిగించినంతసేపూ, మూత వేసి నూనె పోసినంతసేపూ వాదించుకున్నారు. అక్కకు ఆరేళ్లలో ఇంత హాయైన మధ్యాహ్నం గుర్తులేదు. ఒక్క మాటా ఏరలేదు.

ఐదింటికి డాక్టరమ్మ తిరిగొచ్చింది. కారు రోడ్డెక్కింది. ఆమె నడిపింది, పక్కన తమ్ముడు, వెనక భర్త, భర్త పక్కన సరిగ్గా ఆక్సిలుకు పైన అక్క. ఊళ పసిగట్టడంలో ఆ షెడ్డులో ఆమె చెవులను మించినవి లేవు. వేగం యాభైకి ఎక్కింది. అరవై. డెబ్బై. అక్కడ యాక్సిలరేటరు మీంచి కాలు తీసేయమంది అక్క. కారు తనంతట తాను వేగం తగ్గుతూ పోయింది. చెడ్డ గేర్లు అరిచేది అప్పుడే. డెబ్బై నుంచి నలభై దాకా టైర్ల కింద రోడ్డు తప్ప ఇంకేదీ వినిపించలేదు.

"ఏమీ లేదు," అంది అక్క.

"ఏమీ లేదు," అన్నాడు తమ్ముడు.

"నాకు చెవులు లేవు కాబట్టి నేను చెప్పకూడదు," అన్నాడు భర్త కిటికీలోంచి చూస్తూ.

ఆరుకు పావు తక్కువకు షెడ్డుకు తిరిగొచ్చారు. డాక్టరమ్మ తన కారులో వెళ్లిపోయింది. తమ్ముడు యార్డు తలుపు దగ్గర పనిముట్లు తుడుస్తున్నాడు. అక్క కుర్చీలో కూర్చుని ఫోను చేతిలోకి తీసుకుంది. ఫైలు మీది నంబరు చూస్తూ మొదటి అంకె నొక్కింది. రెండోది నొక్కింది.

భర్త లిఫ్టు దగ్గర్నుంచి వచ్చి టేబులు ముందు ఆగాడు. గొంతు సవరించుకున్నాడు.

"మీ తమ్ముడికి చెప్పు, రేపు పొద్దున ఆరున్నరకి బండి తీసుకుని ఇంటికి రమ్మని. నిన్ను వెనక సీట్లో కాళ్లు చాపి పడుకోబెట్టాలి కదా. ఇద్దరం కావాలి పట్టుకోవడానికి."

మంచి మాటే. పొద్దుటి నుంచి ఆయన అన్నవాటిలో మేలైన మాట. దాన్ని మోసుకుపోవాలని అక్కకు ఎంతగానో అనిపించింది. పదకొండే అడుగులు. చివరిసారి.

ఆమె ఫోను పెట్టేసింది. రెండు చేతులూ టేబులు మీద పెట్టి ఆయన వైపు చూస్తూ కూర్చుంది.

గోడ గడియారంలో నిమిషం ముల్లు ఒక గీత జరిగింది. ఇంకో గీత జరిగింది. కొలతల మేస్త్రి ఆ ముల్లును చూశాడు, పెట్టేసిన ఫోనును చూశాడు, టేబులు కింద వాచిన మోకాళ్లను చూశాడు. ముళ్లు చెప్పిన మాట ఆయన ఎన్నడూ కాదనలేదు. ఆపైన మెల్లగా లిఫ్టు వైపు నడిచాడు. పారిపోతున్నాడనుకుంది ఆమె. ఆయన వైస్ పిడి మీది గుడ్డ తీసుకున్నాడు. చేతులు తుడుచుకున్నాడు. దాన్ని మళ్లీ వేలాడదీయలేదు, భుజాన వేసుకున్నాడు. వెనక్కి తిరిగి, ఆ కొస నుంచి ఈ కొసకు నడవడం మొదలుపెట్టాడు. ఆమె లెక్కపెట్టింది. టేబులు దాటేసరికి పదకొండు. ఆగలేదు. యార్డు తలుపు చేరేసరికి ఇరవై రెండు.

"రేపు ఆరున్నరకి," అన్నాడు.

"ఆరున్నర ఆలస్యం బావా. ఆరు."

"ఏడింటికి చేరాలంటే ఆరున్నర చాలు. నేను దూరం కొలిచాను."

"దూరం కొలిస్తే సరిపోతుందా? దారిలో గోతులు కొలిచారా? అక్క మోకాలు గోతికి ఒకసారి..."

"గోతులు నువ్వు రంగు పూసి చూసుకో!"

అక్క మళ్లీ నంబరు నొక్కింది. రెండోసారి మోగగానే అవతల ఒక అమ్మాయి ఎత్తింది. పేరు, పడక సంఖ్య, సమయం సరిచూసుకుంది. అంతలో ఆగింది.

"మీ వెనక ఎవరో గట్టిగా అరుచుకుంటున్నారు. అంతా బాగానే ఉందా అండీ?"

"బాగానే ఉందమ్మా," అంది అక్క. "వస్తున్నానని రాసుకో. వాళ్లు మాట్లాడుకుంటున్నారు."